గోదావరి వరద వస్తోందని తెలిసీ లంకల్లో జనం ముందే ఎందుకు ఖాళీ చేయరు?

మీరు అడిగింది రెండు ముక్కలు. వరద వస్తోందని రెండు మూడు రోజుల ముందే టీవీలో చెబుతుంటే లంకల్లో వాళ్లు ఇంట్లోకి నీళ్లు వచ్చేదాకా ఎందుకు కూర్చుంటారు, వచ్చాక ఎలా నెట్టుకొస్తారు అని. నేను కోనసీమలో ఒక లంకకి, అంటే గోదారి పాయల మధ్య ఉన్న ఊరికి, కోడలిగా వచ్చి 14 ఏళ్లయింది. పుట్టి పెరిగింది ఏటిగట్టుకి అవతల, మెరకలో. వచ్చిన మొదటి ఏడు నేనూ మా అత్తయ్యని ఇదే అడిగాను. ఆవిడ పాక వైపు చూపించి, "మనం పడవెక్కేస్తాం సరే, వాటినెవరు ఎక్కిస్తారమ్మా?" అన్నారు. పాకలో రెండు గేదెలు, ఒక పెయ్య. నా జవాబు కూడా దాదాపు అదే.

మేం నిర్లక్ష్యంగా మాత్రం కూర్చోం. జులై వచ్చిందంటే మా ఊళ్లో పొద్దున్నే ఎవరు ఎదురుపడినా అడిగే మాట "భద్రాచలంలో ఎంతుందట?" అని. అక్కడ 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఇవి మా పిల్లలక్కూడా నోటికొచ్చు. అక్కడి నీళ్లు ధవళేశ్వరం బ్యారేజీకి రావడానికి రోజు, రోజున్నర పడుతుంది, అక్కణ్ణించి పాయల్లోకి దిగి మా గడప దాకా రావడానికి ఇంకో పూట. అయితే శబరి వచ్చి గోదారిలో కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. అందుకని భద్రాచలం లెక్క ఒక్కటే చూసుకుని ధీమాగా ఉంటే దెబ్బతింటాం. దానికి తోడు అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీద ఉంటే కింద నీళ్లు లాగవు, పైనుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది.

2022 జులైలో ఇవన్నీ ఒకేసారి వచ్చాయి. పెద్దవాళ్లు చెప్పుకునే పెద్ద వరదలు 1953, 1986, 2006, అన్నీ ఆగస్టులో వచ్చినవే. జులై రెండో వారంలో అంత వరద వస్తుందని ఎవరూ అనుకోలేదు, గడ్డి ఇంకా అటకల మీదికి చేరలేదు. 13వ తేదీ గురుపౌర్ణమి, పోటు. 16వ తేదీకి భద్రాచలంలో 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు మళ్లీ అప్పుడే. ధవళేశ్వరం నుంచి దాదాపు 26 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు, వదిలారు. అంత వరద రాబోతోందని వినగానే మావయ్య గారు ఇంకేం మాట్లాడలేదు, లేచి వెళ్లి మంచాల కింద పెట్టడానికి ఇటుకలు మోయడం మొదలుపెట్టారు.

మా ఇంట్లో వరద కొలిచే పద్ధతి ఒకటుంది. మావయ్య గారు నీళ్ల అంచున కొబ్బరి ఈనె గుచ్చి, నీళ్లు తాకిన చోట గోటితో నొక్కు పెడతారు. గంటకోసారి టార్చి తీసుకెళ్లి చూస్తారు. నొక్కు ఎంత మునిగితే అంత పెరిగినట్టు. ఆ రాత్రి మూడు ఈనెలు మారాయి, మూడోది మా మెట్టు దగ్గరే గుచ్చారు.

ఇప్పుడు పశువుల సంగతి. ఇది బయటివాళ్లకి అర్థం కాని చోటు. పాయ దాటే దారి కాజ్‌వే. దాని మీద మోకాలి లోతు నీళ్లున్నంత వరకే వాటిని నడిపించుకుని అవతలి గట్టు ఎక్కించగలం. ఆ పైన పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) తిరగదు, వచ్చే బోటులో మనుషులకే చోటు. అంటే మాకున్న సమయం టీవీలో చెప్పే మూడు రోజులు కాదు, కాజ్‌వే మునిగేలోపు ఉన్న ఒక పూట. పోనీ ముందే తోలుకెళదామా అంటే గట్టు మీద మేత ఉండదు, పాలు పోయించుకునేవాళ్లు ఉండరు, నాలుగైదు రోజులు కాపలా ఉండాలి. చాలాసార్లు హెచ్చరిక వచ్చి, నీళ్లు ఊళ్లోకి రాకుండానే తగ్గిపోతాయి కూడా. కౌలుకి నాలుగెకరాల అరటి వేసుకుని, ఇంటి ఖర్చంతా పాల మీద నడుపుకునేవాళ్లని "ప్రాణం కన్నా గేదె ఎక్కువా" అని అడగడం తేలిక. ఆ గేదె విలువ ఎంతో, అది పోతే మళ్లీ కొనడానికి వడ్డీకి ఎంత తేవాలో వాళ్లకి తెలుసు. అందుకే ఇంటికొకరు ఉండిపోతారు, ఎక్కువగా ముసలివాళ్లే.

మాది కాస్త ముందు మేలుకున్న ఇల్లు. 14వ తేదీ పొద్దున్నే తోలేశాం. సూడి గేదె ఒకటి కాజ్‌వే మధ్యలో మొండికేసింది, నీళ్ల వడికి బెదిరి. మా ఆయన పలుపు పట్టి లాగుతుంటే, పక్కింటి బాబాయి తన పశువుల్ని కొడుక్కి అప్పగించి వెనక్కి వచ్చి, దాని మెడ మీద చెయ్యేసి ఏదో మాట్లాడుతూ నడిపించాడు. పొలం గట్టు తగాదాలో ఆ బాబాయికీ మాకూ రెండేళ్లుగా మాటల్లేవు.

గట్టు మీద ఐదు రోజులున్నాం, టార్పాలిన్లు కట్టుకుని, ఒక పక్క మనుషులు, ఒక పక్క పశువులు. తిండికి లోటు రాలేదు, నిజం చెప్పాలంటే మెరక ఊళ్లవాళ్లు పులిహోర వండి బేసిన్లతో పట్టుకొచ్చారు, రాజకీయాలు చూడకుండా అందరికీ పెట్టారు. ఇబ్బందంతా మిగతా వాటితోనే. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు, బోర్లన్నీ మునిగాయి. ఆడవాళ్లకి మరుగు లేదు, చీకటి పడేదాకా ఆగాలి, అందుకని పగలంతా నీళ్లు తాగకుండా గడిపాం. నెలసరి వచ్చిన పిల్లల అవస్థ చెప్పలేను. రాత్రిళ్లు మగవాళ్లు వంతులు వేసుకుని గట్టు వెంట తిరిగారు, ఎక్కడైనా బుంగ పడి నీళ్లు ఊరుతున్నాయేమో అని. బుంగ గండి అయిందంటే అవతలి ఊళ్లు కూడా మునుగుతాయి, అందుకని ఇసుక బస్తాలు మోయడానికి అవతలివాళ్లూ వచ్చారు. గడ్డి అయిపోయాక అరటి బోదెలు నరికి పశువులకి వేశాం. ఎలాగూ పోయిన తోటే కదా అని మావయ్య గారే కత్తి తీసుకున్నారు, ఆ గెలలు ఇంకో నెలలో కోతకి వచ్చేవి.

వరద తీసేటప్పుడు ఒక పని మర్చిపోకూడదు, కొత్తగా మునిగే ఊళ్లవాళ్లకి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో ఇంకా మోకాలి లోతు నీళ్లుండగానే వెళ్లి, చీపురుతో అడుగున ఉన్న బురదని కదుపుతూ ఆ నీళ్లతోనే బయటికి నెట్టేయాలి. నీళ్లు పూర్తిగా పోయేదాకా ఆగితే ఒండ్రు జానెడు మందాన పేరుకుని గట్టిపడిపోతుంది, తర్వాత పారతో గీకాలి. అడుగు పెట్టే ముందు కర్రతో మూలలన్నీ తట్టాలి, పాములు అటకల మీదా బీరువా వెనకా చేరతాయి. కరెంటు మెయిన్ ముట్టుకోకండి, స్విచ్ బోర్డులు ఆరేదాకా ఆగండి. మొదటి రోజే ఫోనుతో ప్రతి గదీ, తోటా ఫొటోలు తీసి పెట్టుకోండి, నష్టం రాసుకునేవాళ్లు వచ్చేసరికి మనమే అంతా కడిగేసి ఉంటాం. కౌలు రైతులైతే కాగితం ముందే రాయించుకోండి. మాకు ఆ ఏడు కాగితం లేదు, తోట పరిహారం మాకు రాలేదు.

మరి అలాంటి చోట ఎందుకుండాలి అని కూడా కింద కామెంట్లలో ఒకరు అడిగారు. ఇల్లు ముంచే ఆ ఒండ్రే మా పొలానికి బలం, లంక భూమిలో పండినట్టు కంద, అరటి మెరకలో పండవు. ఉన్న భూమి అక్కడే ఉంది, వేరే చోట సెంటు కొనే స్తోమత చాలామందికి లేదు.

మనుషుల్ని ముందే కదిలించాలంటే ముందు పశువులకి చోటు చూపించాలి. గట్టు మీద రేకుల పాక, తాగునీళ్ల తొట్టి, ఐదు రోజుల మేత ఉంటే మావయ్య గారిలాంటివాళ్లు ఎవరూ చెప్పకుండానే మొదటి హెచ్చరికకే తోలుకొస్తారు. సాయం పంపాలనుకునేవాళ్లు బట్టలు పంపకండి, చాలా వస్తాయి. ఎండుగడ్డి, తాగునీళ్ల క్యాన్లు, శానిటరీ ప్యాడ్లు పంపండి. లారీ ఏటిగట్టు దాకా వస్తే చాలు, అక్కణ్ణించి పడవల మీద మేం దింపుకుంటాం.