యూదు మతగురువు రబ్బీ అకీవా, యూదుల పవిత్ర గ్రంథమైన తోరాను చదివిన పద్ధతిలో ప్రత్యేకత ఏమిటి?

అకీవా దృష్టిలో తోరాలో ఒక్క మాట కూడా ఊరికే లేదు. హీబ్రూలో 'ఎత్' అనే చిన్న మాట ఉంది. మన 'ను' ప్రత్యయంలా కర్మను సూచిస్తుంది, కాకపోతే నామానికి ముందు వస్తుంది. షిమోన్ అనే పండితుడు ప్రతి 'ఎత్'కూ, ఆ నామంతో పాటు ఇంకేదో కూడా చేరుతుందని అదనపు అర్థం చెబుతూ వచ్చి, "నీ దేవుడైన యెహోవాకు భయపడు" అన్న వాక్యంలోని 'ఎత్' దగ్గర ఆగిపోయాడట. దేవుడి పక్కన ఇంకెవరిని చేరుస్తాం? అకీవా జంకలేదు. తోరా పండితులనూ అలాగే గౌరవించమని ఆ 'ఎత్' చెబుతోందన్నాడు. యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని ఈ కథ నాకెంతో ఇష్టం.

ఆయన సమకాలికుడు రబ్బీ ఇష్మాయేలుది వేరే దారి. తోరా మనుషుల భాషలోనే మాట్లాడుతుంది, కాబట్టి ప్రతి పునరుక్తిలోనూ కొత్త అర్థం వెతకక్కర్లేదన్నాడు. రోమన్ పాలనపై యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటు కాలంలో, సుమారు క్రీ.శ. 135లో, రోమన్లు అకీవాను చంపేశారు. ఆయన బోధనలు మెయిర్ వంటి శిష్యుల ద్వారా యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోకి చేరాయి.