మంచం కింది నుంచి రాని పిల్లి

ప్రశ్న: మాది హన్మకొండ. సందులో తిరిగే పిల్లికి మా అత్తమ్మ రోజూ అన్నం పెట్టేది, మొన్న వానలకు ఇంట్లోకి తెచ్చుకున్నాం. ఇప్పుడది మంచం కింది నుంచి రానే రావట్లేదు, పిల్లలు చెయ్యి పెడితే బుస కొడుతోంది. బయట వదిలేయాలా?

జవాబు: వదలొద్దమ్మా, ముందు పిల్లల్ని ఆపండి. పుట్టిన 2వ వారం నుంచి 7వ వారం దాకా మనిషి చెయ్యి తగలని కూనకు మనుషులంటే భయం పాతుకుపోతుంది, అది తగ్గడానికి నెలలు పట్టొచ్చు, కొన్నయితే ఎప్పటికీ ఒళ్లోకి రావు. ఇల్లంతా కాదు, ఒక్క గది ఇవ్వండి: దాక్కోడానికి అట్టపెట్టె, దొడ్డికి పోడానికి ఇసుక పోసిన ట్రే, ఆ ట్రేకు దూరంగా నీళ్లు. తిండి రోజూ అదే టైమ్‌కు అత్తమ్మే పెట్టాలి, పెట్టగానే లేచిపోకుండా కాస్త దూరంలో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటూనో ఏదో ఒకటి చేసుకుంటూ ఉండమనండి. గుడ్లప్పగించి చూడొద్దు. చూపు కలిస్తే కళ్లు మెల్లగా మూసి తెరవాలి, అదీ అలాగే చేస్తే దాని టెన్షన్ తగ్గుతున్నట్టే. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన చికెన్ పెట్టండి (ఉల్లిగడ్డ పిల్లులకు విషం), పాలు చాలావాటికి అరగవు. కాస్త కుదురుకున్నాక పశువుల డాక్టర్‌తో రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఈలోపు ఎవరినైనా గీరినా, కరిచినా పసుపు అద్ది ఊరుకోవద్దు, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.