రోహిణి కార్తె చివరి వారం పర్లాకిమిడి వైపు ఎండా, వానా? ఏది నమ్మాలి?

మీ ప్రశ్న చదివానండి. పర్లాకిమిడి దగ్గర పల్లె, కళ్లంలో జీడిపిక్కలు, వరి ఆకుమడి పోసే టైమ్, పైగా వచ్చే వారమే ఇంట్లో పెళ్లి. తెలుగు టీవీలో ఎండలంటున్నారు, ఒడియా ఛానల్లో పిడుగుల వాన అంటున్నారు, ఏది నమ్మాలి అని అడిగారు. మాది కాశీనగర్ వైపు. ఇదే తికమక నేనూ చాలా ఏళ్లు పడ్డాను. రెండూ నమ్మండి, ఎందుకంటే రోహిణి చివర్లో మన దగ్గర ఆ రెండూ ఒకే రోజు జరుగుతాయి.

పొద్దున్న ఎనిమిదికే ఉక్క మొదలవుతుంది, మధ్యాహ్నానికి నేల కాలిపోతుంది, సముద్రం మీంచి వచ్చే తేమ గాలి మహేంద్రగిరి, దాని చుట్టూ ఉన్న కొండలకి తగిలి పైకి లేస్తుంది, మూడు నాలుగు గంటలకల్లా తెల్లటి మబ్బు గోపురంలా పెరిగి అడుగున నల్లబడుతుంది. ఈ కాలంలో అలాంటి మబ్బులు ఎక్కువగా వాయువ్యం నుంచి దిగుతాయి. ఒడియావాళ్లు కాలబైశాఖి అనేది దీన్నే. మా ఊళ్లో అయితే గుణుపురం వైపు నల్లబడి, ఉన్నట్టుండి చల్లగాలి ఒంటికి తగిలిందంటే ఇంక ఇరవై నిమిషాలే టైమ్.

ఆ ఇరవై నిమిషాల విలువ నాకు జీడిపిక్కల దగ్గరే తెలిసింది. ఒక ఏడాది టీవీలో పొడి వాతావరణం అన్నారని పిక్కలన్నీ కళ్లంలో పరిచేసి, పాతపట్నంలో చుట్టాల ఇంటికి భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి టార్పాలిన్ కంచె మీద వేలాడుతోంది, పిక్కలు బురదలో ఉన్నాయి. వాన పడింది అరగంట కూడా కాదట. మళ్లీ నాలుగు రోజులు ఎండబెట్టాం. మా అమ్మ రోజూ గుప్పెడు పిక్కలు చెవి దగ్గర ఆడించి చూసేది. బాగా ఎండిన పిక్క గలగలమంటుంది, అవి మాత్రం మొద్దుగానే ఉన్నాయి, తొక్క మీద నల్ల మచ్చలొచ్చాయి. కొనేవాడు చూసీ చూడగానే ధర తగ్గించాడు, అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

తరవాత ఆలోచిస్తే అర్థమైంది, టీవీ వాళ్లు చెప్పింది మన గురించి కాదు. అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్లో "ఉత్తర కోస్తా ఆంధ్రప్రదేశ్, యానాం" అని వస్తుంది, అది శ్రీకాకుళంతో ఆగిపోతుంది. ఒడిశాలో మన పర్లాకిమిడి ఉన్న గజపతి, పక్కనున్న గంజాం, రాయగడ జిల్లాలకి చెప్పేది భువనేశ్వర్ కేంద్రం. మనం తెలుగులో వింటాం, మన వాన ఒడియాలో ఉంటుంది. అందుకే నేను ఇప్పుడు భువనేశ్వర్ వాళ్ల మ్యాప్‌లో గజపతి, రాయగడ ఏ రంగులో ఉన్నాయో ముందు చూస్తాను, తరవాత శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం చూస్తాను. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపైతే వెంటనే పనిలోకి దిగాలని. ఒడియా చదవడం రాకపోయినా రంగు తెలుస్తుంది కదా.

ఇంకో మాట జాగ్రత్తగా వినాలి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షం కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వాటిలోనో, అంతకన్నా తక్కువ వాటిలోనో పడొచ్చని లెక్క. "చాలా చోట్ల" అంటే సగం కన్నా ఎక్కువ. పక్క ఊళ్లో వీధి కాలవలు పొంగి, మన వాకిట్లో దుమ్ము కూడా అణగకపోతే సూచన తప్పింది అనుకుంటాం గానీ, వాళ్లు చెప్పింది అదే. వారం మొత్తానికి చెప్పినదాన్లో మొదటి రెండు మూడు రోజుల మాట మీద పని పెట్టుకోవచ్చు, ఆ తరవాతి రోజులది ఏ రోజుకారోజు మళ్లీ చూసుకోవాల్సిందే. ప్రతి గురువారం ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రాబోయే వారాలకి కలిపి ఒక అంచనా ఇస్తుంది, ఆకుమడికి నేను అది చూస్తాను. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం గోపాలపూర్, విశాఖ రాడార్ బొమ్మలు, రాబోయే మూడు గంటలకి ఇచ్చే హెచ్చరిక, ఇవే పనికొస్తాయి.

ఆకుమడి గురించి గట్టిగానే చెబుతాను, తొందరపడొద్దు. రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళ తాకి, జూన్ రెండో వారంలో దక్షిణ ఒడిశాకి వస్తాయి. 2025లో మే 24నే కేరళకి వచ్చేశాయి, ఊరంతా సంబరపడింది, నేనూ విత్తనం నానబెట్టేశాను. మే చివరికల్లా వాటి కదలిక ఆగిపోయింది, మళ్లీ జూన్ మధ్యలో గానీ పుంజుకోలేదు. మొలక వచ్చాక తడి లేక ఆకు కొసలు ఎర్రబారిపోతుంటే బోరున్న వాళ్లని బతిమాలి నీళ్లు పెట్టుకున్నాను. రోహిణిలో రోళ్లు పగిలితే మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయని పెద్దలన్నారు, మృగశిర ప్రవేశించేది జూన్ 8 ప్రాంతంలో. ఒక్క ఉరుముల వానని చూసి రుతుపవనం అనుకోకండి. పారతో తవ్వి చూడండి, జానెడు లోతు దాకా మట్టి ముద్ద కడుతూ, పడమటి గాలి మబ్బులతో రెండు మూడు రోజులు నిలిచాక పోయండి.

పెళ్లికి షామియానా తాళ్లు వాయువ్యం వైపు రెట్టింపు కట్టించండి, వంటలు రేకుల కింద పెట్టించండి. ముసలివాళ్ల గురించే నా టెన్షన్. 37 డిగ్రీలే కదా అని తేలిగ్గా తీసుకోకండి, మైదానాల్లో 40 దాటాలి గానీ తీరం వైపు 37 దాటి మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు, వడగాలి కింద లెక్క, ఎందుకంటే తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చోడి (రాగి) అంబలి, మజ్జిగ రెండు బిందెల నిండా పందిట్లోనే పెట్టించండి, అడిగితే ఇద్దామని లోపల దాచొద్దు.

పిడుగుల్ని 2015లోనే ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది, అంత ప్రాణనష్టం ఉంది ఇక్కడ. ఫోన్లో పిడుగు హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి. ఉరుము వినబడగానే కళ్లంలో ఉన్నవాళ్లని ఇంట్లోకి రమ్మనండి, తాటిచెట్టు కిందకి, మామిడితోటలోకి వెళ్లనివ్వకండి. చివరి ఉరుము తరవాత అరగంట ఆగాకే బయటికి పంపండి. పిక్కలు తడిస్తే మళ్లీ ఎండబెట్టుకోవచ్చు.

రేపు పొద్దున్న ఏడింటికల్లా పిక్కలు పరిచేయండి, పలచగా. రెండున్నరకి గుణుపురం వైపు ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా సరే ఎత్తేయండి.