'ఐ యామ్ ఫైన్' అంటే వద్దని

'హౌ ఆర్ యూ' అంటే 'ఫైన్' అనడం మనకు చిన్నప్పుడే బట్టీ వచ్చేసింది. విదేశానికి వచ్చాక ఇబ్బంది పెట్టేది కూడా ఆ మాటే.

నేను వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం వాన. మా ఆఫీసాయన గొడుగు లేకుండా బస్టాపు వైపు నడుస్తున్నాడు. కారు ఆపి, దింపేస్తాను రమ్మన్నాను. 'ఐ యామ్ ఫైన్' అన్నాడు. కుశలం చెబుతున్నాడనుకుని, 'ఐ యామ్ ఆల్సో ఫైన్' అంటూ వంగి అవతలి డోర్ తీశాను. వెనక హారన్లు. ఆయన తడుస్తూ నా వంక, నేను ఆయన వంక! పాపం, ఆయన అన్నది 'వద్దండీ, పర్లేదు' అని. ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే ఈ మాట వినబడిందా, ఇక బలవంతం చేయకండి. వద్దనాల్సింది మీరైతే చివర ఓ 'థాంక్స్' చేర్చండి.

మీ పని చూసి మేనేజరు 'దట్స్ ఫైన్' అంటే శాలువా కప్పినట్టు కాదు. 'సరే, నడుస్తుంది' అని. ఫైన్ ఆర్ట్స్‌లో ఉన్నది వేరే ఫైన్, అక్కడ శ్రేష్ఠమని అర్థం. అదే మాట తుంచినట్టు 'ఫైన్!' అన్నారంటే మాత్రం అది మన 'సర్లే!'. 'సరే'కీ 'సర్లే'కీ ఉన్న దూరం మనకెవరూ నేర్పలేదు కదా, ఇదీ అంతే. చెవితో పట్టుకోవాలి. మెసేజ్‌లో ఒక్క 'ఫైన్' రాసి ఫుల్‌స్టాప్ పెట్టారా, ఫోన్ చేసి మాట్లాడటం మేలు.

జరిమానా ఫైన్ సంగతి తెలిసిందే. చిత్రమేమిటంటే శ్రేష్ఠమన్నా, జరిమానా అన్నా మూలం ఒకటే, 'ముగింపు' అనే అర్థమున్న లాటిన్ మాట ఫీనిస్. తగువు ముగించడానికి కట్టే సొమ్ము జరిమానా అయింది, చివరిదాకా చెక్కి తీర్చిన పని నాణ్యమైంది.

సన్నం అనే అర్థమూ ఉంది. ఫైన్ ప్రింట్ అంటే కాగితం అడుగున చీమల బారులా ఉండే అక్షరాలు. ఇంటి అద్దె ఒప్పందంలో, గడువుకు ముందే ఖాళీ చేస్తే ఎంత కట్టాలన్నది తరచూ అలాంటి చోటే దాక్కుంటుంది. సంతకానికి ముందే చదవండి.

బ్రిటన్ వెళ్లేవాళ్లకు ఇంకొకటి. 'కటింగ్ ఇట్ ఫైన్' అంటే ఆఖరి నిమిషం దాకా తాత్సారం చేయడం. మా మిత్రుడొకడు మీటింగుకి సరిగ్గా అర నిమిషం ముందు చేరితే బాస్ ఆ మాటే అన్నాడట. మావాడు పొంగిపోయి థాంక్స్ చెప్పాడు.