చేప పడని బాబుకి ఒమేగా-3 ఎలా?

నాలుగేళ్ల బాబుకి చేప తింటే దద్దుర్లు వస్తున్నాయి, ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఎలా ఇవ్వాలి అని అడిగారు కదండీ, టెన్షన్ పడకండి. చేపనూనె, కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ అనే చేప కాలేయం నూనె) రెండూ పక్కన పెట్టేయండి. అసలు చేపలకు డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 రకం వచ్చేదే నాచు నుంచి, కాబట్టి నాచు నూనెతో చేసిన చుక్కల మందు గురించి పిల్లల డాక్టర్‌ని అడగండి, డోసు కూడా ఆయన్నే చెప్పమనండి. అవిసె గింజల పొడి మంచిదే, ఇడ్లీ మీద చల్లొచ్చు, కానీ అందులోని ఏఎల్‌ఏ అనే ఇంకో ఒమేగా-3 రకం ఒంట్లో డీహెచ్‌ఏగా మారేది చాలా తక్కువ. లేబుల్ మాత్రం పూర్తిగా చదవండి, క్యాప్సూల్ జెలటిన్ కొన్నిసార్లు చేపదే అయి ఉంటుంది, సోయా, రంగులు కూడా చూసుకోవాలి. చుక్కల మందు మొదలుపెట్టిన వారంలో ఇంకో కొత్త ఆహారం పెట్టకండి, ఏది పడలేదో తెలియకుండా పోతుంది. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.