పడవ టైమా, మ్యాచ్ టైమా?

ప్రశ్న: నేనూ మా ఫ్రెండూ అక్టోబరు, నవంబరు నెలల్లో బ్యాగులు తగిలించుకుని ఇండోనేషియాలోని బాలి, గిలి దీవులు, లాంబాక్, ఫ్లోరెస్ చుట్టి రావాలనుకుంటున్నాం. నాకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ అంటే పిచ్చి, వాడికి ఫుట్‌బాల్ అంటేనే పడదు. ‘మ్యాచ్‌ల కోసం ట్రిప్ పాడుచేస్తావ్’ అని ఇప్పటి నుంచే గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్ అనవసరంగా కంగారు పడుతున్నాడు. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి బాలిలో రాత్రి, కాబట్టి పగలంతా సముద్రానిదే. అక్టోబరులో ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మీకు రాత్రి 10కి మొదలవుతుంది. అయితే ఆ నెల ఆఖరి ఆదివారం ఇంగ్లండ్ వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఇండోనేషియాలో తిప్పరు, దాంతో అదే మ్యాచ్ 11కి జరుగుతుంది. బాలి నుంచి ఫ్లోరెస్ దాకా ఒకటే టైమ్, పక్కనున్న జావాలో మాత్రం గంట తక్కువ. ఇంకో తిరకాసు ఏంటంటే, శనివారం సాయంత్రం ఐదున్నర మ్యాచ్ మీకు అర్ధరాత్రి దాటాక, అంటే తేదీ ప్రకారం ఆదివారం వస్తుంది. ఆదివారం అని రాసుకుని ఆదివారం రాత్రి బార్‌కి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు.

అసలు కష్టం యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌తో. ఇంగ్లండ్‌లో రాత్రి 8 అంటే బాలిలో తెల్లవారుజామున 3, నవంబరుకి 4. అంతసేపు మేలుకుని, పొద్దున్నే స్పీడ్ బోటెక్కి అలల మీద ఎగిరెగిరి పడుతూ వెళ్ళడం ఎంత వీరాభిమానికైనా శిక్షే. ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్‌లు ఈ నెలల్లో ఉండవు, కాబట్టి నన్నడిగితే హాయిగా పడుకోండి. పడుకునే ముందు గోల్ అలర్ట్‌లు ఆపేసి, ఫ్రెండ్స్ గ్రూపులు మ్యూట్ చేసి, లేచాక ఎవరితోనూ మాట్లాడకుండా రీప్లే చూడండి. రీప్లేని నేరుగా తెరవండి, సెర్చ్‌లో వెతకొద్దు, వీడియో బొమ్మల మీదే స్కోరు రాసి ఉంటుంది.

ఇక రూట్ సంగతి. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ షెడ్యూల్ జూన్‌లోనే వస్తుంది గానీ దాన్ని నమ్ముకుని పడవ టికెట్లు కొనకండి, టీవీ వాళ్ళు శనివారం మ్యాచ్‌ని ఆదివారానికో సోమవారానికో మార్చేస్తుంటారు. మ్యాచ్‌లను బట్టి కాదు, మ్యాచ్‌లు లేని రోజులను బట్టి ప్లాన్ చేసుకోండి. నవంబరులో జాతీయ జట్లు ఆడేందుకు క్లబ్ ఫుట్‌బాల్ రెండు వారాల పాటు ఆగుతుంది. లాంబాక్ నుంచి కొమోడో దీవి మీదుగా ఫ్లోరెస్‌లోని లబువాన్ బాజో వెళ్ళే నాలుగు రోజుల పడవ ప్రయాణం సరిగ్గా అప్పుడు పెట్టుకోండి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మీకు అవసరమూ ఉండదు. ఆ నాలుగు రోజులూ ఫుట్‌బాల్ మాట ఎత్తనని మాటిస్తే మీ ఫ్రెండ్ మిగతా రాత్రులు ఏమీ అనకపోవచ్చు.

ప్రశ్న: ఇంట్లో డబ్బు కట్టిన స్పోర్ట్స్ యాప్ విదేశాల్లో పనిచేస్తుందా? డేటా ఎంత ఖర్చవుతుంది?

జవాబు: చాలావరకు పనిచెయ్యదు. ప్రసార హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి యాప్ మీరెక్కడున్నారో చూసి తలుపు మూసేస్తుంది. మీరున్న దేశాన్ని దాచే వీపీఎన్ పెడితే చాలా కంపెనీల నిబంధనలకు విరుద్ధం, పైగా దీవుల్లో వచ్చే నెట్‌కి అది ఇంకో బరువు. స్క్రీన్ ఉన్న బార్ లేదా హాస్టల్ చూసుకోవడమే తేలిక. కాకపోతే శనివారం 3 గంటల మ్యాచ్‌లు నాలుగైదు ఒకేసారి మొదలవుతాయి, టీవీ ఒక్కటే ఉంటే మెజారిటీ ఎవరిదో వాళ్ళ మ్యాచే పెడతారు. అందుకే సాయంత్రమే వెళ్ళి ‘ఏ మ్యాచ్ వేస్తున్నారు?’ అని అడగండి. ప్రత్యర్థి క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలు ఎక్కువ కనిపిస్తే వేరే చోటు చూసుకోండి, బతిమాలి లాభం లేదు.

డేటా తక్కువుంటే ఆడియో కామెంటరీ వినండి, చాలా క్లబ్బుల సొంత యాప్‌లలో ఉంటుంది. 64 కేబీపీఎస్ ఆడియోకి గంటకు 30 ఎంబీ కూడా కాదు, అదే హెచ్‌డీ వీడియోకైతే జీబీల్లో పోతుంది. చిన్న దీవుల్లో కరెంటు కొన్ని గంటలే ఉండొచ్చు, పవర్ బ్యాంక్ తప్పనిసరి. విమానంలో దాన్ని చేతి సామానులోనే పెట్టుకోవాలి, 100 వాట్ అవర్ లోపుదైతే మామూలుగా విడిగా అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవర్ అవుతుంది.

ప్రశ్న: అక్కడి లోకల్ మ్యాచ్‌లు చూడదగ్గవేనా?

జవాబు: ఎందుకు కావు? బాలి యునైటెడ్ 2019లోనూ, 2021-22లోనూ ఇండోనేషియా టాప్ లీగ్ గెలిచిన జట్టు. సొంత మైదానం గియాన్యార్‌లో ఉంది, ఉబుద్‌లో దిగినవాళ్ళకు పెద్ద దూరం కాదు. కాకపోతే ఒక జాగ్రత్త: 2022 అక్టోబరులో జావాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు టియర్ గ్యాస్ వదలడంతో జరిగిన తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు. అందుకే బద్ధశత్రువుల మధ్య మ్యాచ్ అయితే వదిలెయ్యండి. మామూలు మ్యాచ్‌కి వెళ్ళినా సీటు దగ్గర్లో బయటికి దారి ఎటుందో ముందే చూసుకోండి, ప్రత్యర్థి జట్టు రంగు చొక్కా మాత్రం వేసుకెళ్ళకండి.