పార్కులో గడ్డిమందు ఆపించడానికి మా ఊళ్ళో ఏం పనిచేసిందంటే

నెల్లూరు జిల్లాలో మీ టౌన్ పార్కులో గడ్డిమందు కొడుతున్నారు, నిషేధించమని అర్జీ ఎలా రాయాలని అడిగారు. మాది ప్రకాశం జిల్లాలో ఒక మునిసిపాలిటీ. ఏ ఊరో చెప్పను, ఆ ఆఫీసుతో ఇంకా పనులున్నాయి. పొద్దున నడకకొచ్చే మా జట్టు ఈ తిరుగుడంతా తిరిగింది కాబట్టి చెబుతున్నా.

నిషేధం అడగొద్దు. పురుగుమందులు, కలుపుమందులు అన్నీ 1968 నాటి కేంద్ర చట్టం కిందికి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఒక మందును 60 రోజులు, మహా అయితే ఇంకో 30 రోజులు ఆపగలదు, అంతే. మునిసిపాలిటీకి ఆ అధికారం లేదని అర్జీ మీద ఒక ముక్క రాసి పక్కన పడేస్తారు. అయితే తన పార్కులో గడ్డి ఎలా తీయించాలన్నది పూర్తిగా వాళ్ళ చేతిలోని పనే. నిర్వహణ కాంట్రాక్టులో ‘మందు కొట్టకూడదు, మిషన్‌తో గానీ చేత్తో గానీ తీయాలి’ అనే షరతు చేర్చమనండి. ఫ్రాన్సులో 2017 నుంచి ప్రభుత్వ పార్కుల్లో రసాయన మందులు వాడకూడదని చట్టమే ఉందని మేమూ గొప్పగా రాశాం. ఆ పేరా ఎవరూ చదివినట్టు లేదు.

ముందు సమాచార హక్కు (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఏ మందు, ఎంత కొన్నారు, కొట్టినవాళ్ళకు పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉందా, బిల్లుల నకళ్ళు ఇవ్వండి అని అడగండి. మాకొచ్చిన జవాబులో మందు పేరే లేదు, ‘గడ్డి నివారణ మందు’ అని మాత్రం ఉంది. ఆ కాగితమే మాకు బాగా అక్కరకొచ్చింది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మీరు కొట్టింది అదా కాదా అని అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు. డబ్బా మీద విషం ఎంత గట్టిదో చెప్పే త్రికోణం ఏ రంగులో ఉంది, ఎరుపా పసుపా నీలమా ఆకుపచ్చా అంటే, డబ్బా కాంట్రాక్టర్ దగ్గరుందన్నారు.

క్యాన్సర్ మాట మీద మరీ ఆధారపడకండి. గ్లైఫోసేట్ బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో చెప్పింది, నిజమే. అమెరికా పర్యావరణ సంస్థ కాదంటుంది. అవతలివాళ్ళు ఫోన్ తీసి అది చూపిస్తే మీ వాదన అక్కడే ఆగుతుంది.

మా దగ్గర పనిచేసింది వినాయక చవితి. పత్రికి గరిక, ఉత్తరేణి జనం ఎక్కడ కోస్తారు? పార్కులో, కాలవ గట్టున. పూజయ్యాక పిల్లలు ఆ గరికతోనే ఆడుకుంటారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద చాపలేసి వనభోజనాలు అక్కడే. గేదెలకు గడ్డి కోసుకుపోయేవాళ్ళు సరేసరి. మా జట్టులో ఒక పెద్దావిడ కమిషనర్ గారి ముందు ఇదంతా ఏకబిగిన చెప్పేసరికి, ‘పిల్లలు గడ్డి తింటారా ఏంటి’ అని అంతకుముందు నవ్విన ఇంజినీరు తల దించుకున్నాడు. అర్జీ మీద సంతకాలకన్నా ఇలాంటి మనిషిని వెంట తీసుకెళ్ళడమే మేలని నా లెక్క.

పార్కులన్నీ ఒక్కసారే అడగకుండా ఒక్కటి అడగండి. మాకూ ఒకటే ఇచ్చారు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా, గడ్డి పైకొచ్చేదీ అప్పుడే. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగులేయించి వేర్లతో సహా పీకించాలి. పల్లేరు కాయ కట్టకముందే తీయాలి. తుంగ మాత్రం లొంగదు, గడ్డలు మట్టిలో ఉంటాయి. అది ఇప్పటికీ ఉంది, ఉండనివ్వండని వదిలేశాం. మందారాలకు పిండినల్లి పడితే వేపగింజల కషాయం చాలు, 100 లీటర్ల నీళ్ళకు 5 కిలోల గింజల పొడి. మా వైపు పొగాకు ఎక్కువ కాబట్టి ఒకాయన పొగాకు కషాయం కొడదామన్నాడు. సహజమైనదే కానీ నికోటిన్ గట్టి విషం, పిల్లలు తిరిగేచోట వద్దు.

ఖర్చు పెరుగుతుంది, దాచొద్దు. మందు కొట్టడానికి ఒక మనిషి, ఒక పూట చాలు. కోతకు మనుషులు కావాలి, మిషన్‌కు పెట్రోలు కావాలి. ఆ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాలకు ఇవ్వొచ్చని మేమే సూచించాం, మునిసిపాలిటీ వాళ్ళకూ అది నచ్చింది.

దోమల ఫాగింగ్‌ను దీంట్లో కలపకండి. అది ప్రజారోగ్య విభాగం పని. కలిపితే ‘డెంగీ వస్తే మీరు చూసుకుంటారా’ అంటారు, దానికి మీ దగ్గర జవాబుండదు.

వినకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఆర్టీఐ జవాబు జతచేసి ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. ఫొటోలు పెట్టేటప్పుడు మాత్రం పంపు మోసేవాళ్ళ ముఖాలు పడనివ్వకండి. మా పార్కులో కొట్టే కుర్రాడికి చెప్పులు కూడా లేవు. ‘ఏం చేద్దామన్నా, మేస్త్రి కొట్టమన్నాడు, కొడతన్నా’ అన్నాడు. గొడవైతే ముందు పని పోయేది అతనికే.